మార్తమ్మ గళ్ళు

విన్నిపెగ్‌లో మేము వెళ్ళే గుడి ఒకప్పుడు స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. ఏటా నవంబరు ఆఖరులో అక్కడ గళ్ళ ఆదివారం ఒకటి వస్తుంది. ఆ రోజు ప్రతి కుటుంబమూ తమ వంశం తాలూకు గళ్ళ ఉన్నిబట్టను చేతుల మీద మోసుకుంటూ ముందుకు వెళ్తుంది. ఆ బట్టని టార్టాన్ అంటారు. పాస్టరు గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. గుడిలో ఇప్పుడు సగానికి పైగా మనవాళ్ళే. వెనక వరసలన్నీ చదువుకోడానికి వచ్చిన పిల్లలతో నిండిపోయాయి. అయినా ఆ ఆదివారం మాత్రం మేమంతా చేతులు కట్టుకుని కూర్చుంటాం, పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యడం మర్చిపోయినట్టు.

నిరుడు పెద్దావిడ డోరతీ గారు తన ఎర్రగళ్ళ శాలువా మడత పెట్టుకుంటూ, "మరి మీ గళ్ళేవి, సుగుణా?" అని అడిగింది. "మాకు లేవండీ" అనేశాను.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే ఒళ్ళు మండింది. లేకపోవడమేమిటి? చీరాల పక్కన పుట్టినదాన్ని. మగ్గం చప్పుడు వింటూ నిద్రలేచిన దాన్ని. లుంగీలు గళ్ళే, తువ్వాళ్ళు గళ్ళే, దుప్పట్లు గళ్ళే. అన్నిటికీ మించి నా సూట్‌కేసు అడుగున మా అమ్మ గళ్ళ చీర ఉంది.

మా అమ్మ మార్తమ్మ బైబిలు స్త్రీ. అంటే మిషను వాళ్ళ తరఫున ఊరూరా నడిచి, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చదివి, పాట పాడి, బాలింతల్ని పరామర్శించి వచ్చే మనిషి. తోటివాళ్ళంతా తెల్లచీరలు కట్టేవారు. "ఈ దుమ్ములో తెలుపెక్కడ ఆగుద్ది" అని అమ్మ ఆదివారం తప్ప అన్ని రోజులూ ఆ గళ్ళ చీరే కట్టేది. అమ్మ పొట్టిది. చీర పన్నా ఎక్కువై కాళ్ళకి అడ్డం పడుతుందని కింది అంచు నాలుగు వేళ్ళ మేర లోపలికి మడిచి, పైన గుడ్డపట్టీ వేసి చేత్తో కుట్టుకుంది. నేను ఆఖరుదాన్ని. నాకు జ్ఞానం వచ్చేసరికే ఆ చీర ఎండిన తులసాకు రంగులో ఉండేది. గళ్ళు ఇటుకపొడి రంగు. గట్ల మీద నడిచీ నడిచీ, కాలవ నీళ్ళలో ఉతికీ ఉతికీ అలా అయింది. అమ్మ అనుకుంటే నాకు మొహం కన్నా ముందు ఆ రంగే కనిపిస్తుంది.

ఆ సాయంత్రం చీర పైకి తీస్తే పైట దగ్గర నా వేళ్ళు లోపలికి దిగబడ్డాయి. పోగులు పుచ్చిపోయాయి. ఇది పోతే అమ్మ రంగు ఈ లోకంలో ఎక్కడా మిగలదు. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు డోరతీ గారే చెప్పింది. వంశమేమీ లేనివాళ్ళు కూడా తమ పేరున సొంత గళ్ళు వేయించుకోవచ్చట. తూర్పు సముద్రతీరాన కేప్ బ్రెటన్ దీవిలో తనకు తెలిసిన నేతగత్తె ఒకామె ఉందట, పేరు ఫ్లోరా. ఫోన్ చేసి, చీర ఫొటోలు పంపుతానన్నాను. "ఫోన్‌లో రంగులు అబద్ధాలు చెప్తాయి డియర్, బట్ట పట్టుకుని రండి" అంది. అలా ఈ అక్టోబరులో సెలవు పెట్టి బయల్దేరాను.

బయల్దేరే ముందు బాపట్లలో ఉన్న రూతక్కకి చెప్పాను. అక్క నాకన్నా బాగా పెద్దది. "వెలిసిపోయిన దాన్ని చూపిస్తావేంటే? అది చిలకపచ్చ. మిరపపండు గళ్ళు" అంది. అక్క ఈ మాట ఎప్పుడూ చెబుతుంది, ఇంట్లో ఎవరమూ నమ్మం. వాక్యం తప్ప వేరే మాటెత్తని మా అమ్మ చిలకపచ్చ కట్టడమా? అక్కకి శుక్లాలు వచ్చినట్టే జ్ఞాపకానికీ ఏదో వచ్చిందనుకున్నాను.

హాలిఫాక్స్

విమానం దిగగానే ఉప్పుగాలి తగిలింది. మేము ఉండేది సముద్రమన్న మాటే లేని చోట. ఒక్క పీల్పుకే చీరాల వాడరేవు గుర్తొచ్చి బల్ల మీద కూలబడ్డాను. పక్కన కూర్చున్న ముసలాయన ఒంట్లో బాలేదేమోనని మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. "బానే ఉందండీ, సముద్రం" అన్నాను. ఆయన అర్థమైనట్టు తలూపాడు. వాళ్ళ నాన్న చేపల పడవ మీద పోయాడట.

మధ్యాహ్నం రేవు దగ్గర చేపల సూప్ తాగాను. పాలల్లో చేపలు ఉడకబెడతారు. మా ఇంట్లో చేపలు తిన్నాక పెరుగు ముట్టుకుంటే అమ్మ చెయ్యి మీద కొట్టేది, బొల్లి వస్తుందని. ఇక్కడ ఊరు ఊరంతా తెల్లగానే ఉన్నారు కాబట్టి వాళ్ళకా భయం లేదేమో. గిన్నె పద్దెనిమిది డాలర్లు. ఆ డబ్బుతో మా రేవులో వారానికి సరిపడా వంజరం చేపలు తెచ్చుకోవచ్చని లెక్క వేసుకుంటూనే చివరి చుక్క దాకా తాగాను. మిరియాలు ఇంకాస్త పడుంటే ఎవరికీ చెప్పకుండా మెచ్చుకునేదాన్ని.

బస్సులో

దీవికి పోయే బస్సెక్కితే వెనక నుంచి "అరే, ఛార్జరున్నదా?" అని వినిపించింది. నల్గొండో వరంగలో. తిరిగి చూస్తే బస్సులో సగం మన పిల్లలే. ఆ చిన్న దీవిలో ఉన్న విశ్వవిద్యాలయానికి ఈ రెండు మూడేళ్ళలో మనవాళ్ళు వెల్లువలా వచ్చారని విన్నాను కానీ ఇంతనుకోలేదు. ముందు సీట్లలో ముసలివాళ్ళు, వెనక సీట్లలో తెలుగు, మధ్యలో నేను.

నా పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి పేరు హారిక. నల్గొండ దగ్గర పల్లెటూరు. ట్రూరో అనే ఊరు దాటాక నా సంచిలోంచి వాసన మొదలైంది. నేను తెచ్చిన గోంగూర సీసా మూత వదులై నూనె కారి నా స్వెట్టరంతా పచ్చడైంది. చీరని విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టబట్టి బతికిపోయింది. నేను కంగారుపడుతుంటే హారిక ముక్కు ఎగబీల్చి కళ్ళు మూసుకుంది.

"ఆంటీ, స్వెట్టర్ ఉతకకున్రి. గట్లనే నాకియ్యిన్రి" అంది.

ఇద్దరం నవ్వేశాం. ఆ నవ్వుతో చుట్టరికం కలిసింది. ఆ దీవిలో వాళ్ళుండే ఊరి పేరు కూడా సిడ్నీయే. అక్కడ హోటలు తీసుకున్నానంటే ఒప్పుకోలేదు. "మా రూంల ఉండున్రి ఆంటీ. మీరు గోంగూర పెట్టున్రి, మేం చోటు పెడ్తం."

సముద్రం మీద రాళ్ళతో కట్టిన దారి దాటి దీవిలోకి వెళ్ళాం. అక్కడి నుంచి ఊరి పేర్ల బోర్డుల మీద ఇంగ్లీషు కింద స్కాట్లాండ్ వాళ్ళ పాత భాష కూడా రాసి ఉంటుంది. ఇప్పుడా భాష మాట్లాడేవాళ్ళు తక్కువేనట. బోర్డులు మాత్రం పట్టుదలగా నిలబడి ఉన్నాయి.

సిడ్నీ

హారిక వాళ్ళ ఇల్లు పాత చెక్క ఇల్లు. కింది భాగంలో ఆరుగురు ఆడపిల్లలు. ఒక పిల్ల చేపల ఫ్యాక్టరీలో, ఒకతె కాఫీ దుకాణంలో, ఒకతె రాత్రుళ్ళు పెట్రోలు బంకులో. చదువు మధ్యలో ఎక్కడో దూరుతుంది. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూస్తే లోపలేదో ఫంక్షన్ జరుగుతోందనుకుంటాం. ఆ పూట పచ్చిపులుసు, కోడిగుడ్డు వేపుడు, నా గోంగూర. అన్నం రెండుసార్లు వండాల్సి వచ్చింది.

తిన్నాక చీర చూపించమన్నారు. విప్పగానే అందరూ వంగి వాసన చూశారు. కలరా ఉండల వాసన తప్ప ఇంకేం లేదు. అయినా ఒక్కొక్కరూ కాసేపు అలాగే ఉండిపోయారు. 

హారిక లేచి వెళ్ళి తన పెట్టెలోంచి జిప్ కవరు ఒకటి తెచ్చింది. లోపల ముదురు వంకాయరంగు గుడ్డ.

"మా అమ్మ చీర ఆంటీ. ఏర్‌పోర్టుకు వచ్చేముందు సగం చింపి ఇచ్చింది."

"కట్టుకోవా? కప్పుకోవా?"

"తీయనే తీయలే. తెరిస్తే వాసన పోతది."

 నేను కూడా అదే పని మీద వచ్చాను కదా. పోయేదాన్ని పోకుండా పట్టుకుందామని.

సరస్సు ఒడ్డున

మర్నాడు హారిక తన స్నేహితురాలి కారు అడిగి నన్ను ఫ్లోరా గారింటికి తీసుకెళ్ళింది. దారంతా చెట్లు ఎర్రగా, పసుపుగా మండిపోతున్నాయి. బ్రాడోర్ సరస్సు ఒడ్డున తెల్ల ఇల్లు, పక్కన కొట్టం. కొట్టంలో మగ్గం. ఫ్లోరా గారికి డెబ్బై దాటి ఉంటాయి. చాలా కాలం స్కూలు బస్సు నడిపిందట. గొంతు ఇంకా బస్సు వెనక వరస దాకా వినపడేలా ఉంది. లోపలికి రాగానే నల్లగా మరిగిన టీ, ఓట్స్ బిస్కెట్లు పెట్టింది. టీ అచ్చం మా రైల్వే స్టేషను టీయే. అది తాగాక నాకు ధైర్యం వచ్చింది.

నేను ఇంట్లో రంగు పెన్సిళ్ళతో గీసి తెచ్చిన బొమ్మ ఇచ్చాను. కింద అంచు, చివర పైటచెంగు, మధ్యలో గళ్ళు. ఆమె కళ్ళజోడు పైకెత్తి చూసింది.

"ఇదేమిటి డియర్?"

"అంచు."

"టార్టాన్‌కి అంచుండదు."

"అంచు లేకుండా బట్టెలా ఉంటుందండీ? ఎక్కడ అయిపోయిందో ఎలా తెలుస్తుంది?"

"అయిపోదు. అదే దాని గొప్ప" అంది.

ఒకే వరస రంగులు నిలువుకీ అడ్డానికీ వేస్తారట. నాలుగు వైపుల్నుంచీ ఒకటేలా ఉంటుంది. కత్తిరించిన చోట బట్ట అయిపోతుంది కానీ గళ్ళు అయిపోవు. ఇంకొక మాట కూడా చెప్పింది. రెండు రంగులే వాడినా, అవి ఒకదాని మీద ఒకటి పడ్డ చోట మూడో రంగు పుడుతుంది. ఆ మూడోది డబ్బాలో దొరకదు. "తల్లీతండ్రీ బిడ్డా" అని నవ్వింది. అంచు వదులుకోవడం మాత్రం నాకు కష్టంగానే ఉంది. అంచు లేని చీర మా వైపు చీరే కాదు.

తర్వాత గోడ పొడవునా ఉన్న అరలు తెరిచింది. అన్నీ ఉన్ని కండెలు. అవే ఎరుపులు, అవే పచ్చలు, అయినా మూడు తెగలు. ఒక తెగ ముదురు. ఒక తెగ లేత. మూడో తెగ పేరు వెదర్డ్, అంటే ఎండకీ వానకీ వెలిసినవి. ఎప్పుడో మట్టిలో పూడిపోయి బయటపడ్డ గుడ్డలా ఉండాలని కావాలనే అలా అద్దకం వేస్తారట. కొత్తబట్టని పాతగా పుట్టిస్తారన్నమాట.

ఆ మూడో అరలో నాకు మా అమ్మ కనిపించింది. నిజంగానే అంటున్నాను. ఎండిన తులసాకు రంగు కండె ఒకటి, ఇటుకపొడి రంగుది ఒకటి. చీర పక్కన పెడితే అచ్చం అదే.  హారిక భుజం పట్టుకున్నాను.

"దొరికింది. ఇదే నెయ్యండి" అన్నాను.

ఫ్లోరా గారు చీరని బల్ల మీద పరిచి భూతద్దంతో పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎర్రగడి మధ్యలో ఒకచోట ఆగిపోయింది. అక్కడ సన్నగీత ఒకటి ఉందా, ఉంటే ఏ రంగు? రంగు పూర్తిగా పోయి తెల్లగా మిగిలింది. ఆమె వేలు కిందికి జారి మడత దగ్గర ఆగింది.

"దీని లోపల కూడా గడి ఉంటుంది. విప్పమంటారా?"

అది అమ్మ కుట్టు. వంకర టింకరగా, పెద్ద పెద్ద టాకాలు. విప్పితే మళ్ళీ ఆ చేతులు వచ్చి కుట్టవు. ఆ టాకాల మీద ఒకసారి వేలు నడిపించాను. ఆఖరికి కత్తెర నేనే తీసుకున్నాను.

మడత

దారం ఒక్కొక్క టాకాకీ తెంపి పక్కన పెట్టుకుంటూ విప్పాను. పట్టీ ఊడింది. మడత తెరిచాను.

చిలకపచ్చ.

మిరపపండు ఎరుపు గళ్ళు. ఆ ఎరుపు మధ్యలో బంతిపూవు పసుపు గీత. ఎండ తగలక, రోజూ నేలని ఒరుసుకోక, నాలుగు వేళ్ళ వెడల్పున ఇన్నాళ్ళూ అక్కడే దాక్కుని ఉంది. హారిక "ఓ యమ్మా" అంది. ఫ్లోరా గారు భూతద్దం కింద పెట్టేసింది.

అక్కడి నుంచే అక్కకి ఫోన్ చేశాను. అప్పుడు అక్కడ రాత్రి భోజనాల వేళ.

"చిలకపచ్చే, అక్కా."

"చెప్తే విన్నారటే మీరు?" అని మొదట తిట్టింది. తర్వాత గొంతు మారింది. "కొత్తలో అది కట్టుకుని గుడికొచ్చిందే అమ్మ. నేను చంకలో ఉన్నానంట, అమ్మమ్మ చెప్పేది. గుళ్ళో పాస్టరు పెద్దయ్యగారు పిలిచి, బైబిలు స్త్రీవి, ఈ రంగేంటమ్మా అన్నాడంట. అమ్మ ఏవందో తెలుసా? చిలకల్ని చేసింది కూడా దేవుడే గదండీ అందంట."

నేను నవ్వబోయి ఏడ్చేశాను. ఆ మాట అన్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన అమ్మ తక్కువ మాట్లాడేది. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని, అరికాళ్ళకి కొబ్బరినూనె రాయించుకుని పడుకునేది. ఆ మనిషి ఒకనాడు చీరల కొట్లో కూర్చుని, తెలుపులన్నీ పక్కకి నెట్టి, అది చూపించవయ్యా అని వేలుపెట్టి అడిగిందా? ఎంత బావుండి ఉంటుంది? ఆ పిల్లని ఒక్కసారి చూడాలనిపించింది. అమ్మ పోయినప్పటి నుంచీ అమ్మ కావాలని ఎన్నోసార్లు అనిపించింది కానీ, ఈ బెంగ వేరు. నేను పుట్టకముందు పోయిన మనిషి మీద బెంగ.

ఫ్లోరా గారు మళ్ళీ టీ పోసి, తొందరేమీ లేదు, ఆలోచించుకుని రమ్మంది.

ఆ మర్నాడు ఆదివారం. ఆ ఊరి చిన్న గుడికి వెళ్ళాను. పాటలు వాళ్ళవి, రాగాలు కొన్ని మావే. పాట నడుస్తున్నంతసేపూ రెండు రంగులూ కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నాయి. వెలిసిన రంగు నేయిస్తే నా అమ్మ నా భుజం మీద ఉంటుంది. ఇంత దూరం వచ్చింది దానికోసమే. కానీ ఆ పచ్చ చూశాక వెలిసిన కండె ముట్టుకోబుద్ధి కావడం లేదు. అమ్మ రంగు వెలిసింది ఊరికే కాదు. దాని వెనక ఎన్ని ఊళ్ళు, ఎన్ని ఎండలు, ఎంతమంది బాలింతల గడపలు. అవేవీ లేకుండా డబ్బాలోంచి తీసి ఇదిగో వెలిసింది అంటే, నడవకుండానే కాళ్ళు నొప్పులన్నట్టు ఉంటుంది.

సోమవారం వెళ్ళి చెప్పాను.

"కొత్త రంగుల్లోనే నెయ్యండి. పచ్చ, ఎరుపు, మధ్యలో పసుపు గీత."

ఆమె నా మొహంలోకి చూసింది. "మొన్న ఆ కండె పట్టుకుని ఇదే మా అమ్మ అన్నారు."

"అదీ మా అమ్మే. కానీ ఆవిడ అలా మొదలవలేదు కదండీ. మీరు మొదటిది నేసివ్వండి. వెలిసేట్టు నేను చూసుకుంటాను. వృద్ధాశ్రమంలో బట్టలుతికే పనే నాది."

"ఇది ఉన్ని డియర్. మంచి అద్దకం. చాలా కాలం పడుతుంది."

"పట్టనివ్వండి" అన్నాను.

గళ్ళకి పేరేం పెట్టమంటారంది. మార్తమ్మ అన్నాను. ఆ పేరు వాళ్ళ నోటికి తేలికే. బైబిల్లోని మార్తా వాళ్ళకీ చుట్టమే కదా.

తిరుగు బస్సు ఎక్కించడానికి హారిక వచ్చింది. చలిగాలి కొడుతోంది. పిల్ల మెడకి ముదురు వంకాయరంగు గుడ్డ చుట్టుకుని ఉంది. నేను దానికేసి చూస్తే తల దించుకుంది.

"వాసనో?" అన్నాను.

"ఉన్నది ఆంటీ ఇంకా కొంచెం. పోతే పోనియ్యి. సలి పెడుతున్నది."

దగ్గరికి తీసుకున్నాను. కొంచెం వంటింటి పొగ, కొంచెం తలనూనె. ఎవరో తెలియని అమ్మ.

విన్నిపెగ్

శాలువా గళ్ళ ఆదివారానికి కాస్త ముందు వచ్చింది. పొట్లం విప్పుతుంటే మా అమ్మాయి జెస్సీ చూసి, "మామ్, ఇట్స్ సో లౌడ్" అంది. నేను కాదనలేదు. నిజంగానే అరుస్తోంది. చివర్లకి అంచు లేదు. ఎరుపు పచ్చ మీద పడ్డ చోట చింతపిక్క రంగు ఒకటి కొత్తగా పుట్టింది, అది ఎవరి చీరలోనూ లేదు.

గుడిలో నా వంతు వచ్చినప్పుడు వెనక వరసల్లోని పిల్లలు కూడా లేచి నా వెంట నడిచారు. నేను పిలవలేదు. బల్ల దగ్గర డోరతీ గారు శాలువా కొస పట్టుకుని, "ఎంత పచ్చగా ఉంది!" అంది. అమ్మ అన్న చిలకల మాట ఇంగ్లీషులో చెబుదామని చాలా రోజులుగా సిద్ధం చేసుకున్నాను. సమయానికి ఆ ఇంగ్లీషు నోటికి రాలేదు. తెలుగులోనే అనేశాను. ఆవిడ అంతా అర్థమైనట్టు నా చెయ్యి నొక్కింది.

ఇప్పుడా శాలువా రోజూ కప్పుకుంటున్నాను. బస్‌స్టాప్‌కి, పనికి, కూరగాయల కొట్టుకి. మంచుకాలం ఎండ పల్చగా ఉంటుంది కానీ దాని పని అది చేస్తుంది. కప్పుకునే ముందు మాత్రం ఒక పని చేశాను. కింది వైపు నాలుగు వేళ్ళ మేర లోపలికి మడిచి, అమ్మ చీర పట్టీనే పైన వేసి, చేత్తో కుట్టాను. నా కుట్టు కూడా వంకరే.

"నువ్వేం పొట్టి కాదుగా, ఎందుకది?" అని ఈసారి జెస్సీ తెలుగులో అడిగింది.

"నీకు" అన్నాను.